సెలవులు, సంబరాలు, పసిపిల్లలు

బడులు మూసేశారు. ఇళ్ళల్లో ఇప్పుడు ఒకటే మాట: "ఈసారి ఎక్కడికి?" మా చిన్నతనంలో ఈ ప్రశ్నే ఉండేది కాదు. సెలవులంటే అమ్మమ్మగారి ఊరు, అంతే. ఇప్పుడు అమ్మమ్మని కూడా వెంటబెట్టుకుని వినోదాల పార్కులకు బయలుదేరుతున్నారు. 1996లో హైదరాబాదు శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చింది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కుటుంబాలతో సహా, ముసలివాళ్ళతోనూ చంకపిల్లలతోనూ కలిసి, మూడు నాలుగు రోజుల పాటు అక్కడే మకాం వేసి రావడం మన మధ్యతరగతి ఇళ్ళల్లో కొత్త వేడుక అయింది.

వేడుక మంచిదే. ఏది చెప్పినా "వద్దు" అనే డాక్టర్ల కోవకు చెందినదాన్ని కాను నేను. ఎండాకాలం పిల్లల్ని గదిలో పెట్టి తాళం వెయ్యమని నేను చెప్పను. కాని ఈ నెలల్లో మా ఆస్పత్రికి వచ్చే పసిపిల్లల్ని చూశాక కొన్ని విషయాలు మీతో ముచ్చటించాలనిపించింది.

ఈ పార్కులు పుట్టిన కథ మీరు వినే ఉంటారు. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళను లాస్ ఏంజెలిస్‌లో గ్రిఫిత్ పార్కుకు తీసుకువెళ్ళేవాడట. వాళ్ళు రంగులరాట్నం మీద తిరుగుతుంటే ఆయన బల్ల మీద కూర్చుని చూస్తుండేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదు అన్న ఆలోచన అక్కడే వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. అలా 1955 జులై 17న డిస్నీలాండు తెరిచారు. ఆ రోజు ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీటు దాకా వెళ్ళింది. కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. కుళాయి పనివాళ్ళ సమ్మె వల్ల మంచినీళ్ళ కుళాయిలు చాలాచోట్ల పని చెయ్యలేదు. ఉన్న వ్యవధిలో మరుగుదొడ్లో, మంచినీళ్ళో ఒకటే పూర్తి చెయ్యగలమంటే డిస్నీ మరుగుదొడ్లకే ఓటు వేశాడని చెబుతారు. డాక్టరుగా నేను ఆయన్ని తప్పు పట్టను. కాని అలాంటి పార్కులో మొట్టమొదటి రోజే ఎండా, నీళ్ళూ అనే సమస్య వచ్చిందన్నది గుర్తుంచుకోండి. ఈనాటికీ అసలు సమస్య అదే.

ఎండ పెద్దవాళ్ళకీ పిల్లలకీ ఒకటే గదా అంటారేమో. కాదు. పసివాడి బరువుతో పోలిస్తే వాడి చర్మం వైశాల్యం పెద్దది. గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి వాడి ఒంట్లోకి మనకన్నా తొందరగా దిగుతుంది. చెమట పట్టి చల్లబడే శక్తి వాడికి మనంత ఉండదు. చిన్న లెక్క ఒకటి చెబుతాను. ఒంట్లోంచి 600 మిల్లీలీటర్ల నీరు పోయిందనుకోండి. 60 కిలోల మనిషికి అది నూటికి ఒక వంతు, కాస్త దాహం వేస్తుంది. 12 కిలోల పిల్లవాడికి అది నూటికి 5 వంతులు. అంటే వైద్యం అవసరమైన స్థితి. పైగా మీకు దాహం వేస్తే లేచి వెళ్ళి తాగుతారు. వాడు అడగాలి, అడిగినా ఎవరో ఒకరు వినాలి. ఎదురుగా ఏనుగు బొమ్మ నాట్యం చేస్తుంటే వాడు అడగనే అడగడు.

2023 మే నెలలో మా కుటుంబం కూడా అలాంటి ప్రయాణమే చేసింది. మొత్తం 14 మందిమి. మా అమ్మకు అప్పటికి 78 ఏళ్ళు. మనవలూ మునిమనవలూ అందరూ ఒక్కచోట ఉండగా కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. పిల్లలు అయిదుగురు. అందరికన్నా పెద్దది తొమ్మిదేళ్ళది, అందరికన్నా చిన్నవాడు మా అక్క మనవడు, రెండున్నరేళ్ళవాడు. ఏ పార్కో ఇక్కడ అనవసరం. జరిగినదాంట్లో వాళ్ళ పాత్ర ఏమీ లేదు.

రెండోరోజు మధ్యాహ్నం మూడు దాటింది. నేనూ అమ్మా నీడపట్టున కూర్చున్నాం. మా అక్క కోడలు పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చి, ఎవరూ వినకుండా అడిగినట్టు, "చిన్నత్తయ్యా, పొద్దుటినుంచీ వీడి డైపరు తడవలేదు" అంది.

వాడు పొద్దున రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. ఒకసారి నీళ్ళవిరేచనం అయిందట. పిల్లవాడికి ఓపిక వస్తుందని ఎవరో నారింజరంగు కూల్‌డ్రింకు పట్టించారు. తరువాత వాడు గొడవ చెయ్యడం మానేసి పడుకున్నాడు. హమ్మయ్య, నిద్రపోయాడని అందరూ అనుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం అనుకోలేదు. మొగుడితో రెండుసార్లు చెప్పింది. "ఇంత ఖర్చు పెట్టి ఇంత దూరం వచ్చాం, ఇంకో రెండు గంటలు ఓపిక పడితే సాయంత్రం ప్రదర్శన చూసి వెళ్ళిపోదాం" అన్నాడు. అత్తగారితో చెప్పింది. మా అక్క, "ఎండకి వడలాడు, లేస్తే వాడే సర్దుకుంటాడు, మేం పెంచలేదా పిల్లల్ని?" అంది. తరువాత కాసేపటికి, దిష్టి తగిలిందేమో అని కూడా అంది. ఈ జవాబుల్లో ఒక్కదాంట్లోనూ ప్రేమ తక్కువ లేదు సుమా! మా అక్క ఆ పిల్లవాడి మీద ప్రాణం పెట్టుకుంది. అయినా ఎనిమిది గంటలుగా డైపరు పొడిగా ఉందన్న సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె మాటే అందరికన్నా తక్కువగా వినపడింది.

వాణ్ణి చూశాను. నాలుక పొడిగా ఉంది. కళ్ళు కాస్త లోతుకు పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్ళు లేవు. పొట్ట మీది చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్ళింది. నోటి దగ్గర నీళ్ళు పెడితే ఆత్రంగా తాగాడు. ఆ ఆత్రమే నాకు ధైర్యం ఇచ్చింది. తాగగలిగే పిల్లవాడికి నోటిద్వారానే నీరు ఎక్కించవచ్చు. తాగడం కూడా చేతకానంత మత్తులో ఉంటే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి, సెలైను ఎక్కించాలి.

చల్లగా ఉన్న గదిలోకి తీసుకువెళ్ళి బట్టలు వదులు చేసి, డైపరు విప్పించాను. నా సంచిలో ఎప్పుడూ ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలిపాం. ఇలాంటి స్థితిలో కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటల్లో పట్టాలి. వాడు 12 కిలోలు, అంటే 900 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్ల చెంచాతో లెక్క వేసుకుంటే 180 చెంచాలు. నిమిషానికో, నిమిషంన్నరకో ఒక చెంచా. గ్లాసుతో గటగటా తాగిస్తే కడుపు తిరిగి కక్కేస్తాడు. ఒకసారి కక్కాడు కూడా. పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా మెల్లగా మొదలుపెట్టాం. తల్లి కొంతసేపు, మా అక్క కొంతసేపు, వాళ్ళ నాన్న కొంతసేపు చెంచా పట్టుకున్నారు. మిగిలినవాళ్ళను ప్రదర్శన చూసి రమ్మని పంపించేశాను. అందరూ చుట్టూ నిలబడి గాలి ఆడకుండా చెయ్యడం వల్ల రోగికి ఒరిగేది ఏమీ లేదు.

ఆరూ పావుకి వాడు మా అమ్మ ఒడిలో కూర్చుని ఆవిడ పట్టుచీర తడిపేశాడు. ఒక చీర పాడైతే అంతమంది అంత సంతోషించడం మా ఇంట్లో అదే మొదటిసారి.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఒక ఏర్పాటు చేసుకున్నాం. మిగిలిన రెండు రోజులూ "ఇక చాలు, గదికి పోదాం" అని చెప్పే అధికారం ఆ అమ్మాయిది. కారణం చెప్పనక్కర్లేదు. ఎవరూ ఎదురు అడగకూడదు. మీ ప్రయాణానికి కూడా ఇదే చెబుతాను. టిక్కెట్లు కొన్నవాడు, వయసులో పెద్దవాడు, ప్రోగ్రాము వేసినవాడు వీళ్ళెవ్వరూ కాదు. డైపరు మార్చే మనిషి ఎవరో, ముద్ద పెట్టే మనిషి ఎవరో, ఆ రోజు ఎప్పుడు ముగియాలో ఆ మనిషే చెప్పాలి. బయలుదేరే ముందే, ఇంట్లో అందరూ ఉండగా ఈ మాట అనేసుకోండి. అక్కడికి వెళ్ళాక, జనంలో, ఎండలో, కొత్తకోడలు నోరు తెరిచి అడగదు. మీ ఇంట్లో ఆ పని చేసేది నాయనమ్మ అయితే ఆ అధికారం నాయనమ్మదే. తండ్రి అయితే మరీ మంచిది.

గుర్తు మాత్రం ఒకటే పెట్టుకోండి. ఆరు గంటలసేపు మూత్రం రాకపోతే ఆట ఆగిపోవాలి. ఈ రోజుల డైపర్లు తడిని లోపలికి పీల్చేసుకుంటాయి, పైపైన తాకితే తెలియదు. విప్పి, చేత్తో బరువు చూడండి.

ఓఆర్‌ఎస్ గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. పొట్లం మీద లీటరని ఉంటే లీటరు నీళ్ళలోనే మొత్తం పొడి ఒకేసారి కలపాలి. 200 మిల్లీలీటర్లని ఉంటే అంతే. లీటరు పొట్లంలోంచి చిటికెడు చిటికెడు తీసి గ్లాసులో వేసి ఇస్తుంటారు. అలా చేస్తే ఒకసారి ఉప్పు ఎక్కువై, ఒకసారి చాలక, మందు కాస్తా మందు కాకుండా పోతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యండి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెంచాతో తలకొట్టి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్లు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళను పీపాల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించి వేలమందిని బతికించాడు. అంతటి మందు అది.

అయితే ఆ పేరు పెట్టుకుని కొట్లలో రంగురంగుల తియ్యని డబ్బా పానీయాలు అమ్మేవారు. చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ. విరేచనాలవుతున్న పిల్లవాడికి అవి పడితే నీరు ఇంకా పోతుంది. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడింది. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, అలాంటి పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండరాదని ఆదేశం ఇచ్చింది. మీరు కొనేటప్పుడు పేరు కాదు, మందుల షాపులో అడిగి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందా లేదా చూసి కొనండి. అరడజను పొట్లాలు కొన్నా పార్కులో ఒక పూట ఫలహారం ఖర్చు కాదు.

ఇక ఎండలో పెట్టుకోవలసిన వేళల సంగతి. పొద్దున తలుపులు తీసినప్పుడే లోపలికి వెళ్ళండి. 12 నుంచి 4 దాకా పసివాళ్ళతో ఆరుబయట తిరగవద్దు. తిండిశాలో, లోపల కూర్చుని చూసే ప్రదర్శనో, గదో, ఏదో ఒక చల్లని చోటు చూసుకుని పిల్లల్ని పడుకోబెట్టండి. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లవాడికి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మధ్యాహ్నపు నిద్రతో కలిపి. "నిద్ర రాత్రికి పోతాడులే" అంటే రాత్రికి పోయేది వాడి నిద్ర కాదు, మీ నిద్ర. తోపుడుబండిలో పడుకోబెట్టి ఎండ తగలకుండా పైన దుప్పటి కప్పుతారు. చూడటానికి బాగానే ఉంటుంది. లోపల గాలి ఆడక కాసేపట్లోనే కొలిమిలా వేడెక్కుతుంది. గొడుగు పట్టండి చాలు. ఆగి ఉన్న కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలవద్దు.

ఒళ్ళు కాలిపోతూ, పలవరిస్తూ, తూలుతూ ఉంటే, లేదా ఫిట్స్ వస్తే అది వడదెబ్బ. జ్వరం మందు దీనికి పని చెయ్యదు. 108కి ఫోను చేసి, బండి వచ్చేలోగా ఊరుకోకుండా నీడలోకి తెచ్చి, బట్టలు తీసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. ముందు చల్లార్చడం, తరువాత ఆస్పత్రి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యవద్దు.

ఆరు నెలలు నిండని బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలు చాలు, విడిగా నీళ్ళు అక్కర్లేదు. తల్లికి మాత్రం నీళ్ళు ఎక్కువగా ఇవ్వండి, చాటుగా కూర్చునే చోటు చూపించండి. పాలపొడి కలిపిన సీసా రెండు గంటలు దాటితే పారబొయ్యాల్సిందే. మా ఆస్పత్రికి వచ్చే వాంతులూ విరేచనాల కేసుల్లో ఆ సీసా పాత్ర ఎంతో నాకు తెలుసు. ఇంటినుంచి తీసుకువెళ్ళే తిండిలో పులిహోరకు సాటి లేదు.

ఆటల దగ్గర ఎత్తు గీత ఒకటి గీసి ఉంటుంది. పిల్లవాణ్ణి మునివేళ్ళ మీద నిలబెట్టి గీత దాటించే తండ్రుల్ని చూశాను. ఆ గీత డబ్బు కోసం పెట్టింది కాదు. ఒంటిని పట్టి ఉంచే కడ్డీ, పట్టీ ఆ ఎత్తు మనిషికి సరిపోయేలా చేస్తారు. అంతకన్నా చిన్నవాడు దాని కిందనుంచి జారిపోతాడు. పసివాడి తల ఒంటికి బరువు, మెడ బలం తక్కువ. జారుడుబల్ల విషయం మరీ విచిత్రం. భయపడతాడని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారుతారు. వాడి బూటు అంచుకు తగిలి ఆగితే, వాడొక్కడే అయితే వాడూ ఆగిపోతాడు. మీ ఒళ్ళో ఉంటే మీ బరువంతా కిందికి లాగుతుంది, ఆ లేత కాలు మెలిపడి విరుగుతుంది. జారగలిగితే ఒక్కణ్ణే జారనివ్వండి, లేకపోతే మరో ఏడాది ఆగండి.

పెద్ద కుటుంబంతో వెళ్ళినప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. 14 మంది ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తుంటారులే అని 14 మందీ అనుకుంటారు. నీళ్ళ దగ్గర ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. మునిగిపోయే పిల్లవాడు సినిమాలోలాగా కేకలు వెయ్యడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా మునిగిపోతాడు, మోకాలి లోతు కూడా అక్కర్లేదు. మేం ఎర్ర తుండుగుడ్డ ఒకటి పెట్టుకున్నాం. అది ఎవరి మెడలో ఉంటే పసివాళ్ళ మీద చూపు వాళ్ళది. అరగంట కాగానే ఇంకొకరి మెడలో వేసి, "ఇక నీ వంతు" అని నోటితో చెప్పాలి. తుండు ఉన్నవాళ్ళు ఫోను తీయకూడదు, చెయ్యి చాస్తే బిడ్డ అందేంత దూరంలో ఉండాలి. జనంలో తప్పిపోతారన్న భయానికి, పొద్దున బయలుదేరేటప్పుడు పిల్లలందరికీ ఒక ఫోటో తీసుకోండి. ఆ రోజు ఏ రంగు చొక్కా వేశాడో కంగారులో తల్లికి కూడా గుర్తుండదు. ముంజేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోను నంబరు రాయండి.

ముసలివాళ్ళ సంగతి మరోవారం వివరంగా రాస్తాను. రక్తపోటు మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటాయి గనక, బయలుదేరే ముందు ఒకసారి మీ డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్ ఎండలో నిలిపిన కారులో ఉంచకండి.

చివరికి, తిరిగి వచ్చాక చూసుకోవలసింది ఒకటి ఉంది. ఈతకొలనుల్లో క్లోరిను కలుపుతారు, చాలా క్రిములు దానికి చస్తాయి. క్రిప్టోస్పోరిడియం అనే ఒక క్రిమి మాత్రం సరిగా క్లోరిను కలిపిన నీళ్ళలో కూడా వారానికి పైగా బతుకుతుంది. విరేచనాలవుతున్న పిల్లవాడు ఒక్కడు నీళ్ళలోకి దిగితే చాలు, నీళ్ళు మింగిన మిగతా పిల్లలకు అంటుకుంటుంది. నీళ్ళలో వేసే డైపర్లు దాన్ని ఆపలేవు. అందుకని విరేచనాలవుతున్నవాణ్ణి నీళ్ళలో దింపకండి. తగ్గిన తరువాత కూడా రెండు వారాలు ఆగండి. ఊరినుంచి వచ్చిన వారం పది రోజుల్లో మీ వాడికి నీళ్ళవిరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి, తిండి మానిపించకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. జింకు మాత్ర రాస్తారు, విరేచనాలు తగ్గినా 10 నుంచి 14 రోజులు వెయ్యాలి. అక్కడ డాక్టరుతో "నీళ్ళ పార్కులో ఆడాడండీ" అని ఒక్కమాట చెప్పండి. మామూలు మల పరీక్షలో ఆ క్రిమి కనిపించదు. ప్రత్యేకంగా చూడమని మేం చీటీలో రాసి పంపాలి.